శ్రుతి కలిసిన ఇంజను

ఏ వాద్యానికైనా శ్రుతి ప్రాణం. వీణ తీగను బిగించినకొద్దీ స్వరం పైకి పోతుంది. హద్దు దాటి బిగిస్తే తీగ తెగిపోతుంది. తక్కువగా బిగిస్తే నాదం పలకదు. ఎంత బిగించాలన్నది తీగ మందాన్ని, వాద్యం నిర్మాణాన్ని, పాడబోయే పాటను బట్టి వైణికుడు నిర్ణయించుకోవలసిందే. ఈ మాట సంగీతానికే కాక, ఇనుముతోను అల్యూమినియంతోను చేసిన ఇంజనుకు కూడా వర్తిస్తుంది. ఇరవయ్యో శతాబ్దం మధ్యకాలంలో ఇటలీ దేశంలో తయారైన స్పోర్ట్స్ కార్లు ఇందుకు చక్కని ఉదాహరణ. చిన్న ఇంజనుతో పెద్ద వేగాన్ని అందుకోవడం వాటి ప్రత్యేకత. వాటి ఇంజన్లను శ్రుతి చేసే పనిలో అతి సున్నితమైనది, అతి కఠినమైనది క్యాంషాఫ్టు అమరిక.

క్యాంషాఫ్టు పనిని తెలుసుకోవాలంటే ముందుగా ఇంజను పనిచేసే తీరు తెలియాలి. పెట్రోలు ఇంజనులో పిస్టను సిలిండరు లోపల పైకీ కిందికీ కదులుతూ నాలుగు అంచెల్లో తన పని పూర్తిచేస్తుంది. మొదటి అంచెలో పిస్టను కిందికి దిగుతూ గాలి, పెట్రోలు కలిసిన మిశ్రమాన్ని లోపలికి పీల్చుకుంటుంది. రెండవ అంచెలో పైకి లేస్తూ దానిని అదిమిపెడుతుంది. మూడవ అంచెలో నిప్పురవ్వ తగిలి మిశ్రమం మండి పిస్టనును బలంగా కిందికి నెడుతుంది. నాలుగవ అంచెలో పిస్టను మళ్ళీ పైకి వస్తూ పొగను బయటకు తోసేస్తుంది. పిండికొద్దీ రొట్టె అన్నట్లు, మొదటి అంచెలో సిలిండరు ఎంత గాలిని నింపుకోగలిగితే మూడవ అంచెలో అంత బలం పుడుతుంది. కనుక ఇంజను సామర్థ్యమంతా దాని శ్వాసక్రియపై ఆధారపడి ఉంటుంది.

ఈ శ్వాసక్రియను నియంత్రించేవి కవాటాలు. వాడుకలో వీటినే వాల్వులు అంటారు. మిశ్రమం లోపలికి వచ్చే దారికి ప్రవేశ కవాటం, పొగ బయటకు పోయే దారికి నిర్గమ కవాటం కాపలా కాస్తాయి. వీటిని తెరిచేది క్యాంషాఫ్టు, మూసేది స్ప్రింగు. క్యాంషాఫ్టు ఒక పొడవైన ఇనుప కడ్డీ. దాని మీద వరుసగా కోడిగుడ్డు ఆకారంలో ఒకవైపు ఉబ్బిన క్యాములు ఉంటాయి. కడ్డీ తిరిగేటప్పుడు ఆ ఉబ్బు కవాటాన్ని కిందికి నొక్కి తెరుస్తుంది. ఉబ్బు దాటిపోగానే స్ప్రింగు కవాటాన్ని తిరిగి పైకి లాగి మూస్తుంది. నాలుగు అంచెలు పూర్తయ్యేసరికి క్రాంక్‌షాఫ్టు రెండు చుట్లు తిరుగుతుంది. ఒక్కొక్క కవాటం మాత్రం ఒక్కసారే తెరుచుకోవాలి. అందువల్ల క్యాంషాఫ్టును క్రాంక్‌షాఫ్టు వేగంలో సరిగ్గా సగం వేగంతో తిరిగేటట్లు అమరుస్తారు. ఇంజను నిమిషానికి 6000 చుట్లు తిరుగుతున్నదంటే ప్రతి కవాటమూ సెకనుకు 50 సార్లు తెరుచుకొని మూసుకుంటున్నదని అర్థం.

మామూలు కార్లలో చాలాకాలంపాటు క్యాంషాఫ్టును ఇంజను దిమ్మలోనే, సిలిండర్లకు పక్కగా అమర్చేవారు. అక్కడి నుంచి పొడవైన కడ్డీలు పైకి వెళ్ళి, మీటల ద్వారా కవాటాలను నొక్కేవి. భారతదేశ రహదారులపై దశాబ్దాల పాటు తిరిగిన ప్రీమియర్ పద్మిని కారు ఈ కోవకు చెందినదే. ఇటలీలోని ఫియట్ సంస్థ రూపొందించిన 1100 నమూనా కారే ముంబైలో తయారై ఆ పేరుతో తెలుగు పట్టణాలకూ చేరింది. కుటుంబ ప్రయాణాలకు ఆ పద్ధతి చక్కగా సరిపోయింది. వేగం పెరిగినప్పుడు మాత్రం అందులోని లోపం బయటపడుతుంది. పొడవైన కడ్డీలకు, మీటలకు బరువుంటుంది. సెకనుకు పదులసార్లు వాటిని ముందుకు తోసి, వెనక్కు మళ్ళించడం స్ప్రింగులకు తలకు మించిన భారమవుతుంది.

ఈ ఇబ్బందిని తొలగించడానికి ఇంజనీర్లు క్యాంషాఫ్టునే సిలిండర్ల నెత్తిమీదికి, కవాటాల దగ్గరకు తీసుకువెళ్ళారు. ప్రవేశ కవాటాలకు ఒకటి, నిర్గమ కవాటాలకు ఒకటి చొప్పున రెండు క్యాంషాఫ్టులను పైన అమర్చే పద్ధతితో ఫ్రాన్స్‌కు చెందిన ప్యూజో పందెపు కారు 1912లో ఆ దేశపు గ్రాండ్ ప్రీ పోటీని గెలిచింది. ఇటలీలో ఈ విద్యకు మెరుగులు దిద్దినవారిలో విత్తోరియో యానో అగ్రగణ్యుడు. ఆయన ఆల్ఫా రోమియో సంస్థ కోసం రూపొందించిన పి2 అనే పందెపు కారు 1924లో రంగప్రవేశం చేసి, మరుసటి ఏట ఆ సంస్థకు ప్రపంచ విజేత అన్న గౌరవాన్ని సంపాదించిపెట్టింది. రెండవ ప్రపంచ యుద్ధం తరువాత జ్వాకీనో కొలంబో ఫెరారీ సంస్థకు రూపొందించిన 12 సిలిండర్ల ఇంజను 1947లో రంగప్రవేశం చేసింది. దాని మొత్తం పరిమాణం లీటరున్నర మాత్రమే. 1954లో ఆల్ఫా రోమియో జూలియెట్టా స్ప్రింట్ అనే కారును విడుదల చేసింది. అంతవరకు పందెపు కార్లకు, ఖరీదైన కార్లకు పరిమితమైన జంట క్యాంషాఫ్టుల ఇంజను 1290 ఘన సెంటీమీటర్ల చిన్న కారులోకి దిగివచ్చింది. 1966లో ఫెరారీ పూర్వ ఇంజనీరు ఔరేలియో లాంప్రేదీ ఫియట్ సంస్థకు రూపొందించిన జంట క్యాంషాఫ్టుల ఇంజనులో ఇనుప గొలుసు స్థానంలో పళ్ళున్న రబ్బరు బెల్టు వచ్చింది.

ఇటలీ ఇంజనీర్లు ఈ మార్గాన్నే ఇంత పట్టుదలతో అనుసరించడానికి కారణాలున్నాయి. ఆ దేశంలో ఇంజను పరిమాణం పెరిగితే కారుపై పన్ను కూడా పెరిగేది. పందేలలోను కార్లను ఇంజను పరిమాణాన్ని బట్టే తరగతులుగా విభజించేవారు. ఇంజనును పెద్దది చేసే దారి మూసుకుపోయినప్పుడు మిగిలిన దారి దానిని వేగంగా తిప్పడమే. ఇంజను సామర్థ్యమంటే అది తిప్పే బలాన్ని, తిరిగే వేగంతో హెచ్చించగా వచ్చే ఫలం. తిప్పే బలం తగ్గకుండా చుట్ల సంఖ్యను రెట్టింపు చేయగలిగితే సామర్థ్యమూ రెట్టింపు అవుతుంది. అయితే బలం తగ్గకుండా ఉండడమే అసలు సమస్య. చుట్లు పెరిగినకొద్దీ సిలిండరుకు గాలి పీల్చుకొనే వ్యవధి తగ్గిపోతుంది. నిమిషానికి 1000 చుట్ల వద్ద పిస్టను ఒకసారి పైనుంచి కిందికి దిగడానికి సెకనులో 33వ వంతు కాలం పడుతుంది. 6000 చుట్ల వద్ద ఆ కాలం సెకనులో 200వ వంతుకు కుదించుకుపోతుంది.

తిరునాళ్ళ వేళ గుడి వాకిలిని ఊహించుకుంటే ఈ సమస్య సులభంగా బోధపడుతుంది. భక్తులు ఒక్కొక్కరుగా వచ్చేటప్పుడు తలుపు కొద్దిసేపు తెరిచినా సరిపోతుంది. జనం వెల్లువగా వచ్చినప్పుడు తలుపును ముందుగా తెరవాలి, వెడల్పుగా తెరవాలి, ఆలస్యంగా మూయాలి. కవాటాల విషయంలోను ఇంతే. కవాటం ఎంతసేపు తెరిచి ఉండాలి, ఎంత లోతుకు తెరుచుకోవాలి, ఏ క్షణంలో తెరుచుకోవాలి అన్న మూడు అంశాలను క్యాము ఆకారం, దాని అమరిక నిర్ణయిస్తాయి. కాలం ఇంజను వేగాన్ని బట్టి మారిపోతుంది కనుక, ఎంతసేపు అన్న ప్రశ్నకు సమాధానాన్ని సెకన్లలో కాక క్రాంక్‌షాఫ్టు తిరిగే కోణంలో, అంటే డిగ్రీలలో చెబుతారు.

పిస్టను పై అంచు నుంచి కింది అంచుకు దిగడానికి క్రాంక్‌షాఫ్టు 180 డిగ్రీలు తిరుగుతుంది. ప్రవేశ కవాటం అంతసేపు తెరిచి ఉంటే చాలునని తోచడం సహజం. కాని వేగంగా దూసుకువచ్చే గాలికి ఊపు ఉంటుంది. పిస్టను కింది అంచును తాకి పైకి మళ్ళిన తరువాత కూడా ఆ ఊపు మీద గాలి మరికొంత లోపలికి చొచ్చుకువస్తూనే ఉంటుంది. ఆ గాలిని వదులుకోకుండా ఉండడానికి కవాటాన్ని ఆలస్యంగా మూస్తారు. ఉదాహరణకు ఒక ప్రవేశ కవాటం పిస్టను పై అంచును చేరడానికి 30 డిగ్రీల ముందు తెరుచుకొని, కింది అంచును దాటిన 70 డిగ్రీల తరువాత మూసుకుంటున్నదని అనుకుందాం. అది తెరిచి ఉన్న మొత్తం కోణం 30, 180, 70 కలిపి 280 డిగ్రీలు. క్యాము రెండువైపులా ఒకే తీరుగా ఉంటే, కవాటం పూర్తిగా తెరుచుకొనే క్షణం ఈ కోణానికి నట్టనడుమ, అంటే పై అంచు దాటిన 110 డిగ్రీల వద్ద వస్తుంది. క్యాంషాఫ్టును శ్రుతి చేసేవారికి ఈ నడిమి బిందువే ఆధార షడ్జం.

క్యామును మార్చకుండా కేవలం ఈ బిందువును జరపడం వల్ల కూడా ఇంజను స్వభావం మారుతుంది. పై ఉదాహరణలో ప్రవేశ క్యాంషాఫ్టును 4 డిగ్రీలు ముందుకు జరిపితే నడిమి బిందువు 106కు వస్తుంది. కవాటం 34 డిగ్రీల ముందు తెరుచుకొని, 66 డిగ్రీల వద్దనే మూసుకుంటుంది. మూత తొందరగా పడుతుంది కనుక తక్కువ వేగంలో ఇంజను లాగే బలం పెరుగుతుంది. వెనక్కు జరిపితే మూత ఆలస్యమై, ఎక్కువ వేగంలో ఇంజను మరింత స్వేచ్ఛగా తిరుగుతుంది. నిర్గమ కవాటం పూర్తిగా మూసుకోకముందే ప్రవేశ కవాటం తెరుచుకోవడం వల్ల కొద్దిసేపు రెండూ తెరిచి ఉంటాయి. అధిక వేగంలో ఈ ఉమ్మడి సమయం వరమే. బయటకు దూసుకుపోయే పొగ తన వెనుక కొంత వెలితిని మిగిల్చి, కొత్త మిశ్రమాన్ని లోపలికి లాగుతుంది.

అయితే ఈ వరానికి వెల ఉంది. అధిక వేగానికి అనువుగా కవాటాలను ఎక్కువసేపు తెరిచి ఉంచే క్యాంషాఫ్టును వేసినప్పుడు, తక్కువ వేగంలో గాలికి ఊపు ఉండదు. పిస్టను పైకి లేస్తూ, అప్పుడే లోపలికి వచ్చిన మిశ్రమాన్ని తెరిచి ఉన్న వాకిలి గుండా వెనక్కు నెట్టివేస్తుంది. రెండు కవాటాలూ తెరిచి ఉన్నప్పుడు కాలిన పొగ కొత్త మిశ్రమంలో కలిసి దానిని కలుషితం చేస్తుంది. ఇంజను ఊరికే నిలిచి తిరుగుతున్నప్పుడు తడబడుతుంది. రద్దీ వీథిలో మాటిమాటికీ ఆగిపోతుంది. పెట్రోలు వృథా అవుతుంది. కనుక ఏ క్యాంషాఫ్టూ స్వతహాగా మంచిదీ కాదు, చెడ్డదీ కాదు. అది ఒక వేగానికి చేసిన వాగ్దానం. ఒక వేగానికి మాట ఇచ్చినది మరొక వేగం వద్ద ఆ మాట నిలుపుకోలేదు.

క్యాంషాఫ్టు ఒక్కటే మారితే ఫలితం దక్కదు. 1956లో ఆల్ఫా రోమియో జూలియెట్టా స్ప్రింట్‌కు వెలోచె అనే చురుకైన రూపాన్ని జోడించింది. ఇటాలియన్ భాషలో ఆ మాటకు వేగవంతమైనది అని అర్థం. మొదటి స్ప్రింట్ ఇంజను సుమారు 65 హార్స్ పవర్ ఇవ్వగా, అదే 1290 ఘన సెంటీమీటర్ల పరిమాణంతో వెలోచె ఇంజను నిమిషానికి 6500 చుట్ల వద్ద సుమారు 90 హార్స్ పవర్ ఇచ్చింది. అందులో క్యాముల ఆకారంతో పాటు మిశ్రమాన్ని అదిమే నిష్పత్తీ, కార్బ్యురేటర్లూ మారాయి. వెబర్ కార్బ్యురేటర్లు రెండింటిని అమర్చి, నాలుగు సిలిండర్లకు నాలుగు గొంతులు ఏర్పరచారు. ఏ సిలిండరూ మరొక దాని గాలికోసం పోటీపడనవసరం లేకపోయింది. వాకిలి వెడల్పు చేసి వీథిని ఇరుకుగా ఉంచితే ప్రయోజనం లేదన్న సత్యాన్ని ఆ ఇంజను నిరూపించింది.

అధిక వేగానికి మరొక హద్దు స్ప్రింగు రూపంలో ఉంటుంది. చుట్లు మితిమీరినప్పుడు స్ప్రింగు కవాటాన్ని క్యాము వెంట సకాలంలో వెనక్కు లాగలేకపోతుంది. కవాటం క్యాము పట్టు తప్పి ఎగురుతుంది. ఆ స్థితిలో పైకి వస్తున్న పిస్టను తలకు ఇంకా మూసుకోని కవాటం తగిలిందంటే కవాటం వంగిపోతుంది, పిస్టను పగులుతుంది, ఇంజను క్షణంలో మూలపడుతుంది. అలాగని స్ప్రింగులను అవసరానికి మించి గట్టివి వేస్తే క్యాములు తొందరగా అరిగిపోతాయి. అరవై, డెబ్బై ఏళ్ళ నాటి ఇంజన్ల విషయంలో ఇది సామాన్యమైన నష్టం కాదు. ఆనాటి అచ్చులు, ఆనాటి విడిభాగాలు అన్నీ దొరకవు. కొద్దిపాటి వేగంకోసం ఆశపడి ఇంజనును పోగొట్టుకోవడం కొండనాలుకకు మందు వేస్తే ఉన్న నాలుక ఊడిన సామెతను గుర్తుకు తెస్తుంది.

అందుకే అనుభవజ్ఞులైన పనివారు ఈ పనిలో తొందరపడరు. ముందుగా క్రాంక్‌షాఫ్టు కొనకు డిగ్రీలు గుర్తించిన చక్రాన్ని బిగిస్తారు. స్పార్క్ ప్లగ్ రంధ్రం గుండా కొలతసాధనాన్ని దించి పిస్టను పై అంచును నిర్ధారిస్తారు. తరువాత డయల్ గేజిని కవాటానికి ఆనించి, ఇంజనును చేతితో నెమ్మదిగా తిప్పుతారు. కవాటం పూర్తిగా తెరుచుకొనే చోట కదలిక చాలా స్వల్పం కనుక ఆ బిందువును నేరుగా గుర్తించడం కష్టం. దానికి ముందు, తరువాత కవాటం ఒకే లోతులో ఉన్న రెండు స్థానాలను గుర్తించి, వాటి నడుమ కోణాన్ని సగం చేస్తారు. వచ్చిన అంకె కోరిన అంకెకు సరిపోకపోతే పళ్ళచక్రాన్ని సరిచేస్తారు. ఆల్ఫా రోమియో ఇంజన్లలో పళ్ళచక్రానికి, దానిని క్యాంషాఫ్టుకు కలిపే బిళ్ళకు వేర్వేరు సంఖ్యలో రంధ్రాలుంటాయి. ఏ రెండు రంధ్రాలు ఎదురెదురుగా వస్తే అక్కడ బోల్టు బిగించడం వల్ల, ఒక పూర్తి పన్ను జరపకుండానే కొద్దిపాటి డిగ్రీల తేడాను సవరించవచ్చు.

తరువాతి పని కవాటానికి, క్యాముకు మధ్య ఉండవలసిన సందును సరిచూడడం. అది చాలా స్వల్పమైన సందు. వేడికి లోహం వ్యాకోచించినప్పుడు కవాటం పూర్తిగా మూసుకోవడానికి ఆ సందు అవసరం. అది ఎక్కువైతే కవాటం ఆలస్యంగా తెరుచుకొని ముందుగా మూసుకుంటుంది. పూర్తిగా లేకపోతే కవాటం మూసుకోక కాలిపోతుంది. ఆల్ఫా ఇంజనులో ఈ సందును సవరించే పలుచని బిళ్ళలు లోపలివైపు ఉంటాయి. వాటిని మార్చాలంటే క్యాంషాఫ్టును విప్పక తప్పదు. లాంప్రేదీ తన ఫియట్ ఇంజనులో ఆ బిళ్ళలను పైవైపున అమర్చి, క్యాంషాఫ్టును కదపకుండానే మార్చే వీలు కల్పించాడు. చివరగా పిస్టను తలపై మెత్తని మైనపు ముద్దను ఉంచి ఇంజనును చేతితో రెండు చుట్లు తిప్పుతారు. మైనంపై పడిన కవాటపు ముద్ర లోతును చూసి, రెండింటి మధ్య ఎంత ఎడముందో తెలుసుకుంటారు. ఆ పరీక్ష పూర్తయ్యాకే ఇంజనును రగిలిస్తారు.

అధిక వేగం ఒక్కటే గొప్పతనం కాదన్న సత్యానికి లాంబోర్గిని సంస్థ చరిత్ర సాక్ష్యంగా నిలుస్తుంది. ట్రాక్టర్ల వ్యాపారంలో స్థిరపడిన ఫెరూచియో లాంబోర్గిని 1963లో కార్ల తయారీకి పూనుకున్నాడు. ఫెరారీ సంస్థలో పనిచేసి వచ్చిన జోటో బిజ్జరీని ఆయనకోసం మూడున్నర లీటర్ల, 12 సిలిండర్ల, నాలుగు క్యాంషాఫ్టుల ఇంజనును రూపొందించాడు. అది నిమిషానికి 8000 చుట్ల వద్ద సుమారు 360 హార్స్ పవర్ ఇచ్చే పందెపు ఇంజను. కాని ఫెరూచియో కోరినది నగరంలోను, దూరప్రయాణంలోను హాయిగా నడిచే కారు. జాన్‌పాలో దల్లారా, పాలో స్టాంజానీ అనే యువ ఇంజనీర్లు ఆ ఇంజనును సౌమ్యంగా మలిచారు. క్యాముల ఆకారాన్ని మృదువు చేశారు, కార్బ్యురేటర్లను మార్చారు. 1964లో 350 జీటీ పేరుతో వచ్చిన కారులో ఇంజను సామర్థ్యం సుమారు 280 హార్స్ పవర్‌కు తగ్గింది. కాగితం మీద అది నష్టంగానే కనిపిస్తుంది. కాని ఆ ఇంజను వంశం పరిమాణంలో పెరుగుతూ, మార్పులు పొందుతూ 2010 వరకు ఆ సంస్థ కార్లలో కొనసాగింది. వదులుకున్న చుట్లు దీర్ఘాయువుగా తిరిగివచ్చాయి.

ఒకే క్యాంషాఫ్టు రెండు వేగాలకు న్యాయం చేయలేదన్న చిక్కుకు పరిష్కారం కూడా ఇటలీ నుంచే వచ్చింది. ఆల్ఫా రోమియో ఇంజనీరు జాన్‌పాలో గార్చేయా కృషి ఫలితంగా, ఇంజను నడుస్తుండగానే ప్రవేశ క్యాంషాఫ్టు కోణాన్ని మార్చే ఏర్పాటు 1980లో స్పైడర్ కారులో అమెరికా విపణికి చేరింది. నేడు సామాన్యమైన కార్లలోను ఇటువంటి ఏర్పాటు కనిపిస్తుంది. ఒకప్పుడు పనివాడు నేర్పుతో నిర్ణయించిన కోణాన్ని ఇప్పుడు కంప్యూటరు క్షణక్షణమూ మారుస్తున్నది.

పాత ఇటాలియన్ కార్లకు ఆ సౌకర్యం లేదు. వాటిలో ఒక్కసారి బిగించిన కోణమే చివరివరకు నిలుస్తుంది. అందువల్ల వాటిని శ్రుతి చేసేవాడు రెంచి చేతబట్టకముందే ఒక ప్రశ్నకు జవాబు చెప్పుకోవాలి. ఆ కారు ఎక్కడ నడుస్తుంది? పందెపు బాటలోనా, కొండదారిలోనా, ఊరి వీథిలోనా? జవాబు తెలిసినవాడు నాలుగు డిగ్రీల మార్పుతో ఇంజనుకు ప్రాణం పోయగలడు. తెలియనివాడు ఎంత ఖరీదైన క్యాంషాఫ్టు వేసినా దాని గొంతు నొక్కినవాడే అవుతాడు. తీగను ఎంత బిగించవచ్చో తెలియడం బలానికి సంబంధించిన విషయం. ఎంత బిగిస్తే చాలునో తెలియడం వివేకం. ఇంజను శ్రుతి కలిసేది ఆ వివేకం వల్లనే.